కచేరి: సర్కారుదీ, సంగీతానిదీ

"కచేరికి పొయ్యొస్తా" అని మా తాత అంటే ఆ దినం పట్టా పనో, కిస్తు పనో ఉండాదని అర్థం. అదే మాట మద్రాసులో కాపురముండే మా అత్త అంటే సాయంత్రం ఏదో సభలో పాట ఉండాదని అర్థం. ఇద్దరూ హోసూరు మనుషులే, ఇద్దరి ఇంటిభాషా తెలుగే. ఒకాయనకు కచేరి అంటే భయం, ఇంకొకామెకు కచేరి అంటే సంబరం. ఒకే మాటకు ఈ రెండు ముఖాలు ఎట్ల వచ్చినాయి, అందులో మన తెలుగు ఏ ముఖం పక్క నిలబడింది అని చెప్పేదానికే ఇది రాస్తా ఉండాను.

మాట మనది కాదు. హిందుస్తానీ 'కచహ్‌రీ' నుంచి వచ్చింది. అక్కడ దానికి అర్థం న్యాయస్థానం, సర్కారు ఆఫీసు. ఉత్తరాదిలో ఈ రోజుకీ అంతే. అక్కడ పాటకు కూర్చుంటే దాన్ని మెహఫిల్ అంటారు, బైఠక్ అంటారు. కచహ్‌రీకి పోయేది వ్యాజ్యం ఉన్నోళ్ళు. దక్షిణానికి కూడా ఈ మాట మొదట వచ్చింది పాలన చెయ్యిపట్టుకునే. దఫ్తరు, తాలూకా, జిల్లా, వసూలు, రసీదు ఇవన్నీ దాని తోటి చుట్టాలు.

మా పక్క దీని జాడలు జాస్తి. టిప్పు సుల్తాను కాలంలో హోసూరు మైసూరు రాజ్యంలో ఉండింది. ఆయన సైన్యంలో ఒక పెద్ద దళాన్నే కచేరి అనేవారు. బెంగళూరులో ఎర్రగా కనపడే హైకోర్టు భవనం పేరు అఠారా కచేరి. 1864లో మొదలుపెట్టి 1868కి కట్టినారు. అఠారా అంటే పద్ధెనిమిది. మైసూరు సర్కారు పద్ధెనిమిది శాఖల ఆఫీసులు అందులో ఉండేవి. తిరువనంతపురంలో తిరువాంకూరు రాజ్యపు సచివాలయానికి హుజూర్ కచేరి అని పేరు. సముద్రం దాటి శ్రీలంకకు పోతే జిల్లా పాలన ఆఫీసును ఇప్పటికీ కచ్చేరి అనే పిలుస్తారు.

మద్రాసు మైలాపూరులో కచ్చేరి రోడ్డు ఉండాది. చుట్టూ సభలు, పాటలు, భరతనాట్యాలు ఉండే పేట కాబట్టి ఆ పేరు సంగీతం వల్ల వచ్చిందని శానామంది అనుకుంటారు. కాదు, అది సర్కారు కచేరి పేరే. ఆఫీసు పోయింది, పేరు నిలిచింది. ఇప్పుడు దాన్ని పాటల రోడ్డుగానే చెవి వింటుంది.

మరి ఆఫీసు మాట పాటకు ఎట్ల అంటుకుంది? నాకు తోచిన దారి చెప్తా. పాత కచేరిలో దొర ఒకడు కూర్చుంటాడు, మిగిలినోళ్ళు ఎదురుగా వరసగా ఉంటారు, ఒకరు తమ మాట వినిపించుకుంటారు. రాజు కొలువులో పాటగాడు పాడేటప్పుడు కూడా కూర్పు అదే. మన 'కొలువు' మాటనే చూడండి. రాజు తీరేది కొలువే, మనం చేసే ఉద్యోగమూ కొలువే, పండగకు ఇంట్లో పెట్టే బొమ్మలదీ కొలువే. నలుగురూ ఒక వరసలో కూడడమే దాని గుణం. కచేరి కూడా అట్లనే 'ఆఫీసు' నుంచి 'కూడిక'కు జరిగి, కూడిక నుంచి పాటకు వచ్చింది. మా ఇంట్లో పనులు వదిలేసి మాటలకు కూర్చుంటే మా అవ్వ "ఏమి, కచేరి పెట్టినారా?" అనేది. ఆ మాటలో ఆఫీసూ లేదు, పాటా లేదు, ఉత్త కూడిక ఉండాది. రెండు అర్థాల నడుమ వంతెన అదే అనిపిస్తుంది నాకు.

ఇక్కడ తంజావూరు సంగతి తలుచుకోవాల. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో అక్కడ నాయక రాజులు ఏలినారు. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు తామే తెలుగులో రాసినోళ్ళు. తర్వాత మరాఠాలు వచ్చి 1855 దాకా ఉండినారు. వాళ్ళ ఆఫీసు కాగితాలు మరాఠీలో, మోడి లిపిలో నడిచినాయి. ఆ కట్టలు సరస్వతీ మహల్లో ఇంకా ఉండాయి. కానీ అదే కొలువులో పాట, ఆట మాత్రం తెలుగులో నిలిచినాయి. ఇంట్లో మరాఠీ మాట్లాడిన శాహజీ రాజు తెలుగులో యక్షగానాలు రాసినాడు. చుట్టూ తమిళం వినపడే తిరువయ్యారులో త్యాగరాజు (1767–1847) తెలుగులో పాడినాడు. అంటే సర్కారు కచేరి భాష ఒకటి, పాట కచేరి భాష ఇంకొకటి అనే చీలిక రెండు వందల ఏండ్ల కిందటిదే.

రాజులు పోయినాక పాట మద్రాసుకు చేరింది, సభల చేతికి వచ్చింది. అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890–1967) వర్ణంతో మొదలుపెట్టి, కృతులు, రాగం తానం పల్లవి, చివర చిన్న పాటలు అని పేర్చిన క్రమాన్నే ఈనాటికీ కచేరి పద్ధతి అంటారు. ఆ పద్ధతిలో తెలుగు కృతులకు పెద్దపీట ఉండాది. రాజకీయం కూడా ఇక్కడ దూరం పోలేదు. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దాంతోపాటు సంగీత సదస్సు పెట్టినారు. 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది దాన్నుంచే.

1940ల మొదట్లో తమిళ ఇసై ఉద్యమం లేచింది. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో, రాజా అణ్ణామలై చెట్టియారు అండతో. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. వాళ్ళు అడిగింది ఏమంటే, తమిళ ఊర్లో కచేరి పెట్టి, టికెట్టు కొని కూర్చున్నోళ్ళకు అర్థం కాని భాషలోనే మొత్తం పాడితే ఎట్ల అని. మనవాళ్ళలో కొందరు దీన్ని తెలుగు మీద పగ అనుకున్నారు. నేను అట్ల అనుకోను. విన్నోడికి అర్థం కావాల అనేది న్యాయమైన మాట.

అయితే ఆ న్యాయాన్నే పక్క కచేరికి కూడా తీసుకొని పోవాల. అక్కడే మన కష్టం ఉండాది. ఒడిశా 1954లో, తమిళనాడు 1956లో, కర్ణాటక 1963లో, మహారాష్ట్ర 1964లో అధికార భాషా చట్టాలు చేసుకున్నాయి. ఆయా రాష్ట్రాలకు అది అవసరమే. కానీ హోసూరులో, కోలారులో, బరంపురంలో, షోలాపూరులో తరాలుగా ఉండే తెలుగువాడు ఆఫీసు ముందర నిలబడితే చేతికొచ్చే కాగితం తనది కాని భాషలో ఉండాది. 2006లో తమిళనాడు తమిళం నేర్పే చట్టం చేసినాక మా పక్క తెలుగు బడుల పిల్లోళ్ళకు కూడా ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకునేది మంచిదే, అక్కరే. దానితోబాటు తెలుగు బడి నిలుస్తుందా అనేదే మా భయం.

మాట కూడా ఈ కథనే చెప్తా ఉండాది. తమిళంలో ఆఫీసుకు 'అలువలగం' వచ్చి, కచ్చేరి అంటే పాటే అయిపోయింది. కన్నడంలో మాత్రం జిల్లాధికారి ఆఫీసు బోర్డు మీద కచేరి అనే ఉంటుంది, సంగీత కచేరి కూడా అదే మాట. మరాఠీ, ఒడియాల్లో కచేరి అంటే ఆఫీసు, కోర్టు అనే అర్థమే. తెలుగు పత్రికల్లో ఆఫీసు 'కార్యాలయం' అయింది, కచేరి పాటకు మిగిలింది. మా హోసూరు కన్నడానికీ తమిళానికీ సరిహద్దులో ఉంది కాబట్టే తాత అర్థమూ అత్త అర్థమూ ఒకే ఇంట్లో బతికినాయి. తాత తరం పోతే ఒక అర్థం పోతుంది.

డిసెంబరు నెలలో మద్రాసు సభల్లో త్యాగరాజు తెలుగు మోగుతుంది. దానికి మనం పొంగిపోతాము, పొంగాల్సిందే. కానీ పాట కచేరిలో చప్పట్లు కొట్టించుకున్న భాష ఆఫీసు కచేరిలో అర్జీ రాసేదానికి కూడా పనికిరావాల గదా. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉండే ఏ భాషలోనైనా కష్టం చెప్పుకునే హక్కు ప్రతి మనిషికీ ఉండాది. 350ఏ అధికరణం చిన్న తరగతుల్లో అమ్మభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యమంటుంది. ఇవి ఎవరో దయతో ఇచ్చేవి కాదు, అడిగి వాడుకోవాల్సినవి.

మీ ఊర్లో పెద్దోళ్ళను ఒకసారి అడిగి చూడండి, కచేరి అంటే ఏమని. ఆఫీసు అంటారా, పోలీసు ఠాణా అంటారా, పాట అంటారా, ఊరికే కూడి మాట్లాడుకునేది అంటారా రాసి పెట్టుకోండి. వాళ్ళు ఏ కచేరిలో తెలుగు మాట్లాడినారో కూడా అడగండి. మన చరిత్రలో ఎవరూ రాయని పుట అదే.