పరభాషలో మారే గొంతు

ఒకే వ్యక్తి మాతృభాషలో మాట్లాడేటప్పుడు ఒక విధంగాను, పరభాషలో మాట్లాడేటప్పుడు మరొక విధంగాను గొంతు వినిపించడం కద్దు. స్వరతంత్రులు అవే, నాలుక అదే. మరి ఈ భేదం ఎక్కడిది?

దీనిని పూర్వమే గమనించినవారిలో ఒకడు గణితవేత్త. 1655లో అనంతానికి ∞ చిహ్నాన్ని ప్రవేశపెట్టిన జాన్ వాలిస్, అంతకు రెండేండ్ల ముందు, 1653లో, లాటిన్ భాషలో ఇంగ్లీషు వ్యాకరణం ప్రచురించాడు. ఇంగ్లీషువారు ఉచ్చారణను నోటి ముందుభాగానికి నెడతారనీ, జర్మనులు గొంతు వైపుకు లాగుతారనీ ఆ గ్రంథంలో వ్రాశాడు. అనగా భేదం విడివిడి ధ్వనులలోనే గాక, నోటి మొత్తం అమరికలోనే ఉన్నదన్నమాట.

1964లో బియాట్రిస్ హానిక్‌మన్ దవడ, పెదవులు, నాలుకల అమరిక భాషను బట్టి ఎట్లా మారుతుందో వివరించింది. 1980లో జాన్ లేవర్ స్వరతంత్రుల తీరును కూడా చేర్చి కంఠధ్వని గుణాలను వర్గీకరించాడు. ఇవి చాలవరకు చెవిపై ఆధారపడిన వర్ణనలు. కొలత కావలసి వచ్చింది.

2004లో బ్రయన్ గిక్ బృందం ఇంగ్లీషు, ఫ్రెంచి మాట్లాడేవారి పాత ఎక్స్‌రే చలనచిత్రాలను పరిశీలించింది. మాటల నడుమ మౌనంగా ఉన్న క్షణంలో సైతం నాలుక నిలిచే తీరు ఆ రెండు భాషలవారికి వేరని కొలతలలో తేలింది.

కాబట్టి పరభాష సరిగా పలకలేని విద్యార్థి గొంతులో లోపమున్నదని తలచరాదు. మాతృభాష నేర్పిన అమరికను అతని నోరు ఇంకా విడువలేదు, అంతే. అక్షరాన్ని దిద్దే ఉపాధ్యాయుడు ముందుగా ఆ అమరికను గమనించవలెను.