కోరలు తీసిన తిట్లు

ఆదిలాబాద్ జిల్లాలోని మా బోథ్‌లో తిట్టు బరువు అన్నవాళ్ల వరసను బట్టి ఉంటుంది. "నీ దినాలు గాను, ఇంతసేపు యాడికి వోయినవ్‌రా?" అని మా అమ్మమ్మ అడిగేది. అడుగుతూనే పళ్లెంలో ఇంకో జొన్నరొట్టె వేసేది. దినాలంటే మనిషి పోయాక చేసే కర్మ. అదే మాట పొరుగువాడు అంటే గల్లా పట్టేవాళ్లు. బావ బామ్మర్దిని అంటే పరాచికం. చిన్నవాళ్లు పెద్దవాళ్లను అనడం మాత్రం ఏ వరసలోనూ చెల్లదు.

అచ్చ తెలుగు తిట్లు చాలావరకు చావు చుట్టూ తిరుగుతాయి: సచ్చినోడా, పీనుగ, నీ నోట్ల మన్నువడ. ఉర్దూ దారిన వచ్చినవి పని చుట్టూ తిరుగుతాయి. బద్మాష్ అంటే చెడ్డ బతుకుతెరువు వాడు. నాలాయక్ తగనివాడు, బేకార్ పనిలేనివాడు, కామ్‌చోర్ పనిదొంగ. 1948 సెప్టెంబరు దాకా మాది నిజాం రాజ్యం, కచేరీ భాష ఉర్దూ. తహసీలు ముందు, ఠాణా ముందు చేతులు కట్టుకు నిలబడ్డ రైతు మీద ఇవి మొదట పడి ఉంటాయని నా నమ్మకం. మా ఆడవాళ్లు వాటిని ఇంటికి తెచ్చి కోరలు తీశారు. ఇప్పుడు "బద్మాష్ పోరడు" అంటే అల్లరి పిల్లాడే. వాళ్లు చేసిన ఆ పని నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

ముండ అన్న మాటను మాత్రం నేను ఈ లెక్కలో కలపను. భర్త పోయిన మనిషి దుఃఖాన్నే తిట్టుగా మార్చిన మాట అది. ఎవరి నోట విన్నా ముద్దుగా అనిపించదు.

తిట్ల పోలిక సరిహద్దు అవతలా కనిపిస్తుంది. పొరుగునున్న కిన్వట్ 1956 దాకా మా ఆదిలాబాద్ జిల్లాలోదే. భాషల వారీగా రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మరాఠీ వైపు పోయింది. అక్కడి మరాఠీ వాళ్ల "వేడా", మా "ఎడ్డోడా" రెండూ తెలివితక్కువవాణ్ణి అనేవే.

ఇంగ్లీషు తిట్లకూ ఇలా చోటు మారి బరువు మారిన కథ ఉంది. 1914లో లండన్‌లో బెర్నార్డ్ షా నాటకం "పిగ్మేలియన్" ఆడినప్పుడు పూలమ్మే పిల్ల పాత్ర "బ్లడీ" అన్నందుకు పెద్ద దుమారం రేగింది. వీధి మాట రంగస్థలం ఎక్కిందని దుమారం రేపినవాళ్ల బాధ. మన దగ్గర 2002లో దర్శకుడు పూరి జగన్నాథ్ తన సినిమాకే "ఇడియట్" అని పేరు పెడితే జనం ఎగబడి చూశారు. ఇంగ్లీషు తిట్టు హీరోకు బిరుదైంది. మా యాస తిట్లు హౌలా, లంగ మాత్రం ఎన్నో ఏళ్లు విలన్ల నోట్లో, హాస్యగాళ్ల నోట్లోనే ఉండిపోయాయి. మా యాస వినిపించగానే హాల్లో లేచే ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.