రూర్కీ మడత కుర్చీ

కుర్చీ ఇంటిలో నున్నంతకాలము దాని బరువు ఎవరికిని పట్టదు. దానిని గడప దాటించి డేరాలోనికో, పడవలోనికో, కొండదారిలోనికో తీసికొనిపోవలసి వచ్చినపుడే బరువను ప్రశ్న పుట్టును. తేలికగా నుండవలెను, మడిచినచో చిన్నదిగా నుండవలెను, పగలంతయు నడచి వచ్చిన నడుమునకు సుఖముగా నుండవలెను. ఈ మూడును ఒకదానితో నొకటి పొసగని కోరికలు. వీనిని పొసగించిన ప్రయత్నములలో మిక్కిలి మేలైనదొకటి మన దేశముననే జరిగినది. హరిద్వారమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, గంగా కాలువ యొడ్డున నున్న రూర్కీ పట్టణము ఇంజనీరింగు విద్యకు పేరుపొందినదని అందరెరుగుదురు. ఆ యూరి పేరు పెట్టుకొని ఒక కుర్చీ ఖండఖండాంతరములు తిరిగినదని ఎరిగినవారు కొలదిమందియే.

మడిచి మోసికొనిపోవు ఆసనము కొత్తది కాదు. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ సమాధిలో కత్తెర కాళ్ళ మడత పీట దొరకినది. రోమనులలో ఉన్నతాధికారులకే తగిన ఆసనమును అట్టి మడత పీటయే. చీనావారు దానిని సంచారజాతుల నుండి గ్రహించి 'అనాగరికుల మంచము' అని పేరు పెట్టి, తరువాత తామే దానికి వెన్నుపలక చేర్చి పెద్దల ఆసనముగా మార్చుకొనిరి. ఎక్కడ చూచినను ఒకటే సంగతి. కదలుచు నుండు అధికారమునకు ఆసనము కావలెను. తక్కినవారు నిలుచుండవలెను, లేదా నేలపై కూర్చుండవలెను. తెలుగునాట ప్రయాణమునకు బయలుదేరిన సామాన్యుడు కంబళియో చాపయో చుట్టి చంకను పెట్టుకొనెడివాడు. కుర్చీ యను మాటయే అరబ్బీ, పారసీకముల మీదుగా దొరతనముతో పాటు వచ్చినది.

ఆ దొరతనమున కుర్చీ ఎంత ఘనమైన వస్తువో చెప్పుటకు ఒక చిన్న సాక్ష్యము చాలును. ఉత్తర హిందూస్థానమున బ్రిటిషు ప్రభుత్వము తనకు నచ్చిన పెద్దమనుష్యులకు 'కుర్సీనషీన్' అను పత్రమును ఇచ్చెడిది. ఇతడు అధికారులను చూడబోయినపుడు కుర్చీపై కూర్చుండుటకు అర్హుడని దాని తాత్పర్యము. 1887లో ఢిల్లీ జిల్లాలో ఇచ్చిన అట్టి పత్రమొకటి నేటికిని కనబడుచున్నది. కూర్చుండుటకు కాగితము కావలసిన కాలమది.

ఆ అధికారులు సంవత్సరమున చాల భాగము డేరాలలోనే గడపెడివారు. శీతకాలము వచ్చినదనగా జిల్లా అధికారి మకాము మీద బయలుదేరును. మద్రాసు రాజధానిలో జమాబందీకి కలెక్టరు ఊరూర మకాము చేయుట తెలుగు జిల్లాల రైతులకు తరతరాలుగా తెలిసినదే. డేరాలు తరచుగా రెండు జతలు. ఒక జతలో దొర నిద్రించుచుండగా రెండవది రాత్రికి రాత్రి ముందటి యూరికి పోయి, తెల్లవారునప్పటికి నిలిచి యుండును. బల్ల, కుర్చీ, మంచము, స్నానపు తొట్టి, అన్నియు దానితోనే. ఇది చిన్న అధికారి సంగతి. గవర్నరు జనరలు ఆక్లండ్ ప్రభువు 1837లో కలకత్తా నుండి వాయవ్య ప్రాంతములకు బయలుదేరినపుడు వెంట సుమారు 12,000 మంది జనము, 850 ఒంటెలు, 140 ఏనుగులు కదలినవని ఆయన చెల్లెలు ఎమిలీ ఈడెన్ లేఖలలో వ్రాసినది. ఇంత పరివారమున్నపుడు కుర్చీ తేలికయా బరువా అని అడుగువాడెవడు?

అడుగవలసిన అవసరము యుద్ధమున వచ్చినది. అదే ఆక్లండ్ ఆజ్ఞపై 1838 చివర అఫ్గనిస్థానము మీదికి నడచిన సింధు సేనలో సుమారు 9,500 మంది సైనికులుండగా వారి వెనుక నడచిన సేవకజనము 38,000, ఒంటెలు 30,000. ఒక బ్రిగేడియరు సామానునకే 60 ఒంటెలు పట్టినవని చరిత్రకారులు చెప్పుదురు. బోలాను కనుమలో మేత లేక, నీరు లేక ఆ ఒంటెలు వేలకొలది కూలినవి. పశువు చచ్చిన తరువాత బల్లలు, కుర్చీలు దారి పక్కన మిగిలిపోక తప్పదు. సామాను తగ్గింపవలెనను బుద్ధి సైన్యమునకు వెంటనే వచ్చినదని చెప్పరాదు. అయినను 19వ శతాబ్ది ద్వితీయార్ధమున అధికారి వెంట పోదగిన బరువునకు హద్దులు బిగిసినవి. ఆ హద్దులలో ఇముడు కుర్చీ ఒకటి కావలసి వచ్చినది.

రూర్కీ దానికి తగిన చోటు. ప్రోబీ కాట్లీ తలపెట్టిన గంగా కాలువ 1854లో ప్రారంభమైనది. దానిని సోలానీ నది మీదుగా దాటించు గొప్ప వంతెనకాలువ రూర్కీ చెంతనే యున్నది. ఆ పనికై అచట కర్మశాలలు వెలసినవి, 1847లో ఇంజనీరింగు కళాశాల పుట్టినది, 1853లో బెంగాల్ శాపర్స్ అండ్ మైనర్స్ దళము వచ్చి స్థిరపడినది. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్టను 1847–1852 నడుమ కట్టించిన ఆర్థర్ కాటన్ తరువాత ఈ కాలువ నిర్మాణములో తప్పులెన్ని, కాట్లీతో అచ్చుపత్రములలో తగవు పెట్టుకొనెను. అది వేరు కథ. కట్టెపని, ఇనుపపని, తోలుపని తెలిసిన చేతులును, వంతెనలు విప్పి మరల బిగించుటయే విద్యగా గల సైన్యమును ఒకేచోట చేరిన ఊరది. 19వ శతాబ్ది చివర రూర్కీ కుర్చీ యచట రూపొందినది.

దాని కట్టుబాటును కొంచెము నిదానముగా చూడవలెను. తరిమెన పట్టిన నాలుగు కాళ్ళు, వానిని కలుపు నాలుగు అడ్డుకమ్ములు, కూర్చుండుటకు ఒక కాన్వాసు గుడ్డ, వీపునకు మరియొక గుడ్డ, చేతులానించుటకు రెండు తోలుపట్టీలు. ఇంతే. జిగురు లేదు, మేకు లేదు. అడ్డుకమ్ముల కొనలను క్రమముగా సన్నబడునట్లు గుండ్రముగా చెక్కి, కాళ్ళలో అదే వాలుతో తొలిచిన బెజ్జములలో దూర్చుట మాత్రమే. పనిముట్టు అక్కరలేకుండ నిమిషములలో విప్పి, గుడ్డలో కట్టెలను చుట్టి, సన్నని మూటగా కట్టవచ్చును.

ఖాళీగా నున్నపుడు ఈ కుర్చీని చూచినవాడు దీనిపై కూర్చుండుటకు జంకును. పట్టి ఊపిన ఊగును. కాని మనిషి కూర్చున్న వెంటనే గుడ్డ దిగబడి కాళ్ళను లోపలికి లాగును. కమ్ముల కొనలు బెజ్జములలో మరింత బిగియును. కూర్చున్నవాని బరువే కుర్చీకి బిగువు. జిగురు పెట్టి బిగించిన నాలుగు కాళ్ళ కుర్చీ ఎగుడుదిగుడు నేలపై మూడు కాళ్ళ మీదనే నిలుచును, నాలుగవది గాలిలో నుండును. రూర్కీ కుర్చీలో కీళ్ళు వదులు గనుక ప్రతి కాలును తన పాటికి తాను నేలను వెదకికొనును. వీపుగుడ్డ కట్టిన చట్రము ఇరుసుపై తిరుగును. మనిషి ముందుకు వంగినను వెనుకకు వాలినను అది వెంట పోవును. తేలికతనమును కట్టె సన్నము చేయుటలో గాక, కట్టె పనిని గుడ్డకును తోలుకును మనిషి బరువునకును అప్పగించుటలో సాధించిన తెలివి యిది.

1899–1902 నాటి బోయరు యుద్ధములో ఇది దక్షిణాఫ్రికా మైదానములు చూచినది. లండనులో సైనికాధికారులకు సామానమ్ము అంగళ్ళు దీనిని అదే పేరుతో అమ్మినవి. అటుపిమ్మట తూర్పు ఆఫ్రికాలో వేటగాండ్ర డేరాలకు పోయినది. అమెరికను దంపతులు మార్టిన్ జాన్సన్, ఓసా జాన్సన్ ఆఫ్రికా యాత్రల చిత్రములలో ఇట్టి కుర్చీని చూచి డెన్మార్కు శిల్పి కారె క్లింట్ 1933లో తన 'సఫారీ కుర్చీ'ని తయారు చేసెను. అది కోపెన్‌హేగెన్ నుండి చక్కని గృహములకు పోయినది. అంతకుముందే 1928లో ల కార్బూజియే, పియెర్ జన్నరె, షార్లెట్ పెరియాన్ కలిసి ఉక్కుగొట్టములతో చేసిన, వీపు తిరుగు కుర్చీలోను, తోలుపట్టీల చేతులలోను రూర్కీ పోలికను విమర్శకులు గుర్తించిరి. ఆ ల కార్బూజియే, జన్నరెలే 1951 నుండి చండీగఢ్ నిర్మాణమునకు వచ్చి, రూర్కీకి ఎంతో దూరము కాని చోట పనిచేయుట విచిత్రము. జన్నరె ఆ కచేరీలకు రూపొందించిన కుర్చీలు నేడు విదేశపు వేలములలో ఆతని పేరున పెద్ద ధరలు పలుకుచున్నవి.

ఇంగ్లండున జోసెఫ్ బెవర్లీ ఫెన్బీ అను ఇంజనీరు 1877లో మరియొక మడత కుర్చీకి పేటెంటు పొందెను. గుడ్డ నాలుగు మూలలను నాలుగు కట్టెకొనలకు తగిలించు ఆ పద్ధతి ఇటలీ సైన్యమునకు పోయి 'ట్రిపొలీనా' అయినది. ఫెన్బీ పేరు పత్రములలో నిలిచినది, క్లింట్ పేరు కుర్చీతో పాటు అమ్ముడుపోవుచున్నది. రూర్కీలో మొదటి కమ్మిని చెక్కిన వడ్రంగికి మాత్రము పేరు లేదు. ఊరి పేరే మిగిలినది.

చెక్కినవాడే కాదు, మోసినవాడును పేరు లేనివాడే. రూర్కీకి తూర్పుగా లేచు కుమావూ, గఢ్వాలు కొండలలో బండిదారి లేదు. దొరగారి డేరా, బల్ల, కుర్చీ అన్నియు మనుష్యుల వీపుల మీదనే ఎక్కవలెను. గ్రామపెద్ద వద్ద ఒక పుస్తకముండును. అందులో ఏ ఇంటివాడు ఎన్నడు మోయవలెనో వ్రాసియుండును. దీనినే కూలీ బేగారు అనెడివారు. పొలములో పని ఎంత యున్నను పేరు పిలిచిననాడు పోక తప్పదు. 1921 జనవరిలో ఉత్తరాయణి తిరునాళ్ళకు బాగేశ్వరములో కూడిన జనము, బదరీదత్త పాండే మున్నగువారి నాయకత్వమున ఇక మోయమని ప్రమాణము చేసి, ఆ పుస్తకములను సరయూ నదిలో పారవేసిరి. తెలుగువారికి ఈ బాధ పరాయిది కాదు. నిజాము రాజ్యపు తెలంగాణమున వచ్చిన అధికారి సామానును ముందటి యూరికి చేరవేయుట వెట్టివారి పాలబడినది. 1930లో మొదలైన ఆంధ్ర మహాసభలలో వెట్టి నిర్మూలనము ముఖ్యమైన కోరికలలో నొకటి. సైన్యము కుర్చీ బరువు తగ్గించినది ఒంటెల కొరకు. కుమావూ కూలీ వీపునకు ఆ తగ్గింపు ఎంత దక్కినదో ఏ లెక్కలోను వ్రాయలేదు.

కూర్చుండువాడే మోయవలసి వచ్చిన నాటి నుండి కుర్చీ నిజముగా తేలికైనది. కెనడా అడవులలో భూర్జపు బెరడుతో చేసిన పడవలలో ఉన్నితోళ్ళ వ్యాపారమునకు సరకులు మోసినవారు, ఒక సరస్సు నుండి మరియొక సరస్సునకు పడవను, సరకును వీపున వేసికొని నడచెడివారు. 90 పౌనుల మూటలు ఒక్కసారికి రెండు. వారికి కుర్చీ ఊసే లేదు, మూటయే ఆసనము. నేడు అదే దారులలో వినోదమునకు చిన్న పడవలు నడుపువారు కుర్చీని తమ వీపుననే మోయుదురు గనుక పావుకిలోకును లెక్క చూచుకొందురు. అల్యూమినియము గొట్టపు ముక్కలను లోపలి సాగుడు తాడుతో కూర్చి, నాలుగు కొనలకు గుడ్డను తగిలించు నేటి కుర్చీలు కొన్ని కిలోగ్రాముకు లోపలనే తూగును. పదార్థము కొత్తది, గుడ్డను కొనలకు వ్రేలాడదీయుట ఫెన్బీది, కూర్చున్నవాని బరువుతో బిగియుట రూర్కీది.

అయితే తూకపు సంఖ్య ఒక్కటే చూచి కొనినవారు చిక్కుపడుదురు. తేలిక కుర్చీలు కాళ్ళు పొట్టివి చేసి బరువు తగ్గించును. పొట్టి కుర్చీ పడవ ఒడ్డున గాలికి పడిపోదు. కాని మోకాళ్ళ నొప్పి గలవాడు దాని నుండి లేచుటకు మరియొకరి చేయి పట్టవలెను. వీపుగుడ్డ భుజముల వరకు రానిచో గంటసేపు కూర్చున్న తరువాత మెడ చెప్పును. సన్నని గొట్టపు కొనలు తడి యిసుకలో జానెడు దిగును. గోదావరి లంకలలో గాని, గంగ తిన్నెలలో గాని డేరా వేయువారు కాళ్ళకు వెడల్పు టోపీలు గల కుర్చీని, లేదా క్రింద పరచు గుడ్డను వెంట తీసికొనిపోవలెను. కొనుటకు ముందు అంగడిలోని నున్నని గచ్చు మీద గాక, వీలైనచో బయట ఎగుడు నేల మీద వేయించి, అరగంట కూర్చుండి చూచుట మంచిది. పాత రూర్కీ కుర్చీని అంగడిలో ఊపి చూచి, ఊగుచున్నదని వదలిపెట్టినవారు ఎందరో.