సన్‌మైకా పేరులో మైకా ఎందుకుంది?

మీరు కూర్చున్న గదిలో ఒక్కసారి చుట్టూ చూడండి. వార్డ్‌రోబ్ తలుపు, టీవీ యూనిట్, స్టడీ టేబుల్... టేకు గీతలు కనిపిస్తున్నాయా? చాలా ఇళ్లలో అది చెక్క కాదు, చెక్క బొమ్మ ప్రింట్ చేసిన కాగితం. దాన్ని మనం సన్‌మైకా అంటాం. అది ఒక బ్రాండ్ పేరు. వాడగా వాడగా ఆ రకం షీట్లన్నిటికీ అదే పేరైపోయింది. మరి చెక్కలా కనిపించే షీటు పేరులో మైకా ఏంటి? మైకా అంటే అభ్రకం, మనవాళ్లు కాకిబంగారం అనే ఖనిజం కదా!

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో చవక కలప తలుపుల మీద లేత రంగు వేసి, దానిపై గోధుమ రంగు పూసి, తడి ఆరకముందే దువ్వెనలతో ఓక్ చెక్క గీతలు గీసేవారు. థామస్ కెర్షా అనే పెయింటర్‌కి ఈ పనితనానికే 1851 లండన్ మహా ప్రదర్శనలో పతకం వచ్చింది. అంటే అప్పట్లో నకలు కూడా చేతి కళే.

ఇక అసలు మలుపు 1912లో, అమెరికాలో. వెస్టింగ్‌హౌస్ కంపెనీలో డేనియల్ ఒకానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇంజనీర్లు పనిచేసేవారు. కరెంటు పరికరాల్లో ఇన్సులేషన్‌కి అప్పట్లో అభ్రకం వాడేవారు. మన ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని గూడూరు, సైదాపురం ప్రాంతాలు ఆ ఖనిజానికే పేరుపొందాయి. అభ్రకం ఖరీదైనది. అందుకే రెజిన్‌తో తడిపిన పొరలను వేడి, ఒత్తిడితో అతికించి వాళ్లు ప్రత్యామ్నాయం తయారుచేశారు. 'మైకాకు బదులు' అనే అర్థం వచ్చేలా, ఇంగ్లిష్‌లో 'ఫర్ మైకా' కలిపి, ఫార్మైకా అని పేరు పెట్టారు. మన సన్‌మైకాలోనూ ఆ తోక కనిపిస్తుంది.

చూశారా, ఈ షీటు మొదట చెక్కకి నకలు కాదు, అభ్రకానికి నకలు! 1920ల్లోనే దానిపై చెక్క గీతల కాగితం అతికించడం మొదలైంది. 1930ల చివర్లో మెలమైన్ రెజిన్ రావడంతో పైపొర గట్టిపడి, వేడినీ మరకల్నీ తట్టుకుంది. అలా వంటింట్లోకి వచ్చేసింది.

నాకు ఇందులో మోసమేమీ కనిపించదు. ఒక టేకు చెట్టు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. అందరి ఇళ్లకీ సరిపడా టేకు ఎక్కడి నుంచి తెస్తాం? కానీ కెర్షా రంగు కింద ఉన్నది కనీసం కలప. ఇప్పటి షీటు కింద ప్లైవుడ్ ఉండొచ్చు, ఎండీఎఫ్ ఉండొచ్చు, పార్టికల్ బోర్డు కూడా ఉండొచ్చు. పైకి మూడూ ఒకేలా మెరుస్తాయి. నీళ్లు తగిలితే మాత్రం మామూలు పార్టికల్ బోర్డు ఉబ్బిపోతుంది, స్క్రూలు వదులైపోతాయి.

అందుకే 'టేకు ఫినిష్' అని రాసి ఉంటే అది టేకు కాదు, టేకు రూపం మాత్రమే అని గుర్తుపెట్టుకోండి. షాపులో పైన గీతలు చూసి ఆగిపోకండి. టేబుల్ అడుగున, స్క్రూ రంధ్రాల దగ్గర చూడండి. లోపలి బోర్డు ఏంటో అడిగి, అదే మాట బిల్లు మీద రాయించుకోండి. నకలు కొనడం తప్పు కాదు ఫ్రెండ్స్, నకలుకి అసలు ధర కట్టకూడదు, అంతే.