ఊదుగొట్టం

మా అవ్వ ఊపిరాడక పోయింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇకమీద రాసేదంతా ఆ ఊపిరి ఎన్నేళ్లుగా, ఎంత నెమ్మదిగా పోతూ వచ్చిందనే.

తుమ్మలపల్లెలో మాది మట్టిమిద్దె. వంటింట్లో మూలన పొయ్యి, దాని పైన కప్పులో జానెడు గవాచి. పొద్దున్నే గవాచిలోంచి దిగే వెలుగూ, పైకెక్కే పొగా ఒకదాన్నొకటి ఒరుసుకునేవి. కంప, చీనీ కట్టె, కంది కట్టె, శనక్కాయ పొట్టు... ఏ కాలంలో ఏది దొరికితే అది. వానకు తడిస్తే మంట కన్నా పొగే ఎక్కువ. అవ్వ మెడ పక్కకు వాల్చి, కళ్లు సగం మూసి, ఊదుగొట్టం పెదాలకు ఆనించి ఊదేది. వదిలే ఊపిరి పొయ్యికి. పీల్చే ఊపిరి పొగలోంచి. సంగటి ఉడికేది. మేం తిని బడికి పోయేవాళ్లం.

ఆ పొగలో ఏముందో నేను చాలా ఆలస్యంగా చదువుకున్నాను. మంటలో జంట తెగిన ఎలక్ట్రానుతో బయటపడే ముక్కలను ఫ్రీ రాడికల్స్ అంటారు. తోడు కోసం పక్కదాని ఎలక్ట్రానును లాక్కుంటాయి. పోగొట్టుకున్నది ఇంకోదాని మీద పడుతుంది. సిగరెట్టు ఒక్క దమ్ములోనే ఇవి కోట్ల కోట్లు. కట్టెల పొగా వీటిని మోసుకొస్తుంది. కొన్ని క్షణంలో ఆరిపోతాయి. మసిని అంటుకున్నవి పొయ్యి చల్లారినా బతికే ఉంటాయి.

అవ్వ ఊపిరితిత్తులు ఊరికే ఓడిపోలేదు. లోపలి తడిపొరలోని విటమిన్ సి, గ్లూటాథయోన్ తమ ఎలక్ట్రాన్లు తామే ఇచ్చి అడ్డుపడ్డాయి. రోజూ ఇచ్చాయి, చాలలేదు. కాపాడవచ్చిన తెల్లకణాలు కూడా అలాంటి రాడికల్స్‌ను వదిలాయి, ఎలాస్టేజ్ అనే కోసే ఎంజైమునూ వదిలాయి. దాన్ని పట్టి ఆపే కాపలా ప్రొటీను ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. రాడికల్స్ తాకిడికి అందులో కీలకమైన మెథియోనిన్ అనే ఒక్క ముక్క మారినా ఆ పట్టు సడలిపోతుంది. అప్పుడిక ఊపిరితిత్తిని సాగనిచ్చే నారలు తెగుతాయి, ముప్పై కోట్లకు పైబడ్డ గాలిగదుల నడిమి గోడలు ఒక్కొక్కటే కూలుతాయి. కూలింది మళ్లీ లేవదు. ఇంట్లో మాకు వినబడింది మాత్రం దగ్గు, ఆ తర్వాత పిల్లికూతలు.

"పొయ్యి కాడ కూకుంటే దగ్గు రాకుంటాదా నాయనా" అనేది.

1953లోనే హైదరాబాదు ఇంజనీరు ఎస్.పి.రాజు పొగలేని వంటిళ్ల గురించి పుస్తకం రాశాడు. మట్టితో కట్టుకోగల పొయ్యి, పొగ బయటికి పోయే గొట్టం. అవ్వ అప్పుడు కొత్తకోడలు. మట్టి మా పెరట్లోనే ఉండింది. 1980లలో దేశమంతా మెరుగైన పొయ్యిల పథకం నడిచింది, మా గడప దాకా రాలేదు. 1999లో దీపం పథకం కింద గ్యాసు వచ్చింది. మళ్లీ మళ్లీ బండ తెచ్చుకోవడం బరువై, చుట్టాలొచ్చినప్పుడు టీకి మాత్రమే ముట్టించేవాళ్లం. 2012లో మా ఊళ్లో యురేనియం గని మొదలైంది. ఎక్కడెక్కడి ఊళ్ల కరెంటుకో నేల కింద తవ్వుతుంటే, నేల మీద అవ్వ కంప విరుచుకుంటూనే ఉండింది.

ఇవన్నీ ఒక ఎత్తు. మిద్దె పడగొట్టి స్లాబు వేసేటప్పుడు "గవాచి ఇడవల్లనా?" అని మేస్త్రీ అడిగాడు. వాన పడుతుంది, వద్దన్నాను. నేనే అన్నాను.

ఆసుపత్రిలో "చుట్ట తాగుతావా అవ్వా?" అని డాక్టరు అడిగితే, సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టని మనిషి. తర్వాత చేతికొక గొట్టమిచ్చి గట్టిగా ఊదమన్నారు. అవ్వకు ఎవరూ నేర్పక్కర్లేదు. మెడ పక్కకు వాల్చింది. కళ్లు సగం మూసుకుంది. గొట్టం పెదాలకు ఆనించి ఊదింది.

మిషను మీద గీత లేవనే లేదు.