చిన్న వ్యాపారాలపై పన్ను: తెలుగునాట చరిత్ర

ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకొనే కిరాణా కొట్టు, మగ్గం, గానుగ, పిండిమర, బట్టల దుకాణం వంటి వాటిపై ప్రభుత్వాలు వేసిన పన్నుల చరిత్ర తెలుగునాట సుమారు రెండు శతాబ్దాల దూరం వరకు స్పష్టంగా కనిపిస్తుంది. ఈ చరిత్రను రేట్ల పట్టికగా చదివితే అసలు సంగతి అందదు. నూటికి అర్ధ రూపాయి కట్టడానికి చిన్న వ్యాపారి ఎప్పుడూ పెద్దగా జంకలేదు. ఆ అర్ధ రూపాయి సరైనదేనని లెక్క రాసి, కాగితం చూపి, అధికారిని ఒప్పించడం దగ్గరే అతని నడ్డి విరిగింది. పెద్ద సంస్థలో ఆ పనికి గుమాస్తాలుంటారు. చిన్న కొట్టులో సరుకు తూచే చేయే చిట్టా కూడా రాయాలి. అందుకే తూకానికి తగ్గ పన్ను వేసిన కాలాల్లో వసూలు సాఫీగా సాగింది, అందరికీ ఒకే కాగితం పెట్టినప్పుడల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గి సడలింపులు ఇవ్వవలసి వచ్చింది.

ఈస్టిండియా కంపెనీ పాలనలో మద్రాసు రాజధానిలో మొతర్ఫా అనే పన్ను ఉండేది. మగ్గాలు, కమ్మరి, వడ్రంగి పనిముట్లు, అంగళ్లు అన్నీ దాని కిందికి వచ్చేవి. సర్కారు జిల్లాల్లో వర్తకుల లాభాలపై వీసబడి అనే పన్ను ఉండేది. తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1852లో స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన అర్జీలో ఈ పన్నులపై గట్టిగా మొరపెట్టుకుంది. పనిముట్టు ఖరీదుకు ఆరింతలు దాని మీద పన్ను పడుతోందన్నది ఆ అర్జీలోని ఒక ఫిర్యాదు. ఇక్కడ గమనించవలసింది, ఆ పన్ను ఆదాయాన్ని చూసేది కాదు, కంటికి కనిపించే వస్తువును చూసేది. లెక్కలు అడగని పన్ను కావడం వల్ల అధికారికి అది సులువు. అమ్మకం ఉన్నా లేకపోయినా చెల్లించక తప్పని పన్ను కావడం వల్ల నేతగాడికి అది ఉరి. సరళంగా ఉన్నంత మాత్రాన పన్ను న్యాయమైపోదని చెప్పడానికి మొతర్ఫాకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆధునిక అమ్మకం పన్ను పుట్టుక మద్యనిషేధంతో ముడిపడింది. మద్రాసులో రాజగోపాలాచారి ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టిన నిషేధాన్ని మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. కల్లు, సారా మీద పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో మద్రాసు సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చింది. దేశంలో ఈ తరహా చట్టం ఇదే మొదటిది. దాని కూర్పు చూడదగ్గది. ఏడాది అమ్మకం 10,000 రూపాయల లోపైతే పన్ను లేదు. 20,000 వరకైతే నెలకు 5 రూపాయలు, అంతే. ఆపైన అమ్మకంలో నూటికి అర్ధ రూపాయి. మొతర్ఫాలో ఉన్న సరళత ఇందులోనూ ఉంది, దానిలో లేని కనికరం కూడా ఉంది. 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకం పన్ను చట్టం కింద చాలా సరుకుల మీద తొలి అమ్మకం దగ్గరే పన్ను వసూలయ్యేది కాబట్టి, ఊళ్లోని చిల్లర కొట్టుకు ఆ గొడవ తక్కువ. బట్టలు, పంచదార, పొగాకు మీద రాష్ట్రాలు అమ్మకం పన్ను వదులుకుని, బదులుగా అదనపు ఎక్సైజు సుంకంలో వాటా తీసుకున్నదీ 1957లోనే. 2017 జూలైలో జీఎస్టీ రాగానే సూరత్ బట్టల వర్తకులు దుకాణాలు మూసి రోడ్డెక్కడానికి మూలం ఆ పాత ఏర్పాటులో ఉంది. తరం దాటినా చేయని పన్ను లెక్కల పనిని ఒక్కసారిగా చేయమన్నారు.

2005 ఏప్రిల్ 1న వచ్చిన వ్యాట్ ప్రతి మెట్టు దగ్గరా పన్ను వేసి, కొనుగోలుపై కట్టింది మినహాయించుకోమంది. సిద్ధాంతంగా ఇది మేలైనదే, పన్ను మీద పన్ను పడదు. కానీ మినహాయింపు కావాలంటే ప్రతి బిల్లూ భద్రపరచాలి. అందుకే 5 లక్షల నుంచి 40 లక్షల అమ్మకం ఉన్నవారికి నూటికి ఒక రూపాయి టర్నోవరు పన్ను పెట్టి, వ్యాట్ లెక్కల నుంచి తప్పించారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. నెలకు మూడు రిటర్నులు అన్న తొలి ఏర్పాటు నిలవలేదు, రెండో రిటర్నును కొద్ది నెలల్లోనే పక్కన పెట్టారు. చిన్న వ్యాపారి అమ్మకం మీద చిన్న శాతం కట్టి పూర్తి లెక్కల నుంచి తప్పించుకునే కాంపోజిషన్ పథకం పరిమితిని 75 లక్షల నుంచి కోటికి, 2019 ఏప్రిల్ నుంచి కోటిన్నరకు పెంచారు. 2021 నుంచి 5 కోట్ల లోపు వారికి మూడు నెలలకో రిటర్ను చాలన్నారు. 1939లో తొలి రోజే తెలిసిన సంగతిని ఇలా విడతలు విడతలుగా మళ్లీ నేర్చుకున్నారు. అయితే కాంపోజిషన్‌కు దాని ఖరీదు ఉంది. ఆ వ్యాపారి తాను కాంపోజిషన్ కింద ఉన్నట్లు బోర్డు మీద రాయాలి, కొనేవారి దగ్గర పన్ను వసూలు చేయకూడదు, పొరుగు రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. తెలంగాణలోని అశ్వారావుపేట కొట్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని జంగారెడ్డిగూడెం కొట్టుకు సరుకు అమ్మడం కూడా పొరుగు రాష్ట్రపు అమ్మకమే.

రిజిస్ట్రేషన్, కాంపోజిషన్ పరిమితులు పెంచితే బిల్లు లేని జీరో దందా పెరుగుతుందనీ, ఒకే కొట్టును భార్య పేర సగం, కొడుకు పేర సగం చూపుతారనీ అధికారుల అభ్యంతరం. ఇది ఉత్త అనుమానం కాదు, అలా చేసేవారున్నారు. కానీ గీత ఎక్కడ గీసినా దాని అంచున ఈ పని జరుగుతుంది. గీతను కిందికి దించితే మోసం ఆగదు, మరింత చిన్న కొట్లకు పాకుతుంది. రెండో అభ్యంతరం, రిజిస్ట్రేషన్ లేని వారి దగ్గర పెద్ద కంపెనీలు కొనవన్నది. నిజమే, అయితే పరిమితి లోపు ఉన్నవారు సైతం కోరి రిజిస్ట్రేషన్ తీసుకునే వీలు చట్టంలో ఉంది. ఇష్టపడ్డవారికి ఉన్న దారిని అందరికీ బలవంతం చేయడానికి అది కారణం కాదు. ఇక రాబడి పోతుందన్న వాదన. రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉన్న కొట్టు టోకు వర్తకుడి దగ్గర సబ్బు, నూనె కొన్నప్పుడే వాటి మీది జీఎస్టీ ధరలో కట్టేసింది. ప్రభుత్వం వదులుకునేది ఆ కొట్టు చిల్లర లాభం మీది పన్ను మాత్రమే.

2019లో సరుకులు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితిని 40 లక్షలకు పెంచుకునే వీలిచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ దాన్ని తీసుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. 20 లక్షలంటే రోజుకు సుమారు 5,500 రూపాయల అమ్మకం. నూటికి పది మిగిలిందనుకుంటే చేతికొచ్చేది 550, అందులోంచే కొట్టు అద్దె, కరెంటు బిల్లు. పైగా పన్ను లేని విడి బియ్యం అమ్మకం కూడా ఈ 20 లక్షల్లో లెక్కకొస్తుంది. ఆ కొట్టు కాంపోజిషన్‌లో చేరితే ఏడాదికి కట్టేది మహా అయితే 20,000, అందులో రాష్ట్రం వాటా 10,000. 2025 సెప్టెంబరులో 12, 28 శాతం శ్లాబులను తీసేసి రేట్లను సవరించారు గానీ ఈ పరిమితుల జోలికి పోలేదు. ఇంత స్వల్ప రాబడి కోసం రోజుకు 550 మిగుల్చుకునే కుటుంబాన్ని ఆడిటర్ చుట్టూ తిప్పడం తగదు. సరుకుల పరిమితిని 40 లక్షలకు మార్చమని తెలంగాణ ప్రభుత్వం జీఎస్టీ కౌన్సిల్‌ను కోరాలి.