పటములలో సమాచార రద్దీ తగ్గింపు

కొద్ది స్థలములో అధిక సమాచారమును చూపవలసి వచ్చినపుడు గుర్తులు, గీతలు, పేర్లు ఒకదానిపై ఒకటి పడి ఏదీ చదువుటకు వీలుకాని స్థితి ఏర్పడుతుంది. దీనిని నివారించుటకు కొన్ని అంశాలను వదలివేస్తారు, కొన్నిటిని కలుపుతారు, కొన్నిటిని కాస్త జరుపుతారు. పటముల తయారీలో ఈ ప్రక్రియను సాధారణీకరణ అంటారు. కర్నూలు, కడప జిల్లాల పటములలో దీనిని స్పష్టంగా గమనించవచ్చును.

స్కేలు ప్రభావం

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటములో 500 మీటర్ల వెడల్పు గల చెరువు ఒక సెంటీమీటరు ఉంటుంది. 1:10,00,000 పటములో అదే చెరువు అర మిల్లీమీటరు మాత్రమే. అందుచేత స్కేలు తగ్గిన కొద్దీ పోరుమామిళ్ళ చెరువు వంటి పెద్దవి నిలిచి, పల్లెల కుంటలు మాయమవుతాయి. కర్నూలు-కడప కాలువ సంగతి వేరు. ఈ రెండవ పటములో దానిని అర మిల్లీమీటరు గీతతో చూపితే ఆ గీత నేలపై 500 మీటర్లకు సమానము. కాలువ అంత వెడల్పు లేదు. ముఖ్యమైనది గనుక లావుగా గీస్తారు. కర్నూలు వద్ద తుంగభద్ర, హంద్రీ నదులు, రైలుమార్గము, 44వ జాతీయ రహదారి దగ్గరదగ్గరగా ఉన్నందున వాటిని కొంత ఎడముగా చూపవలసి వస్తుంది. అటువంటి చోట పటముపై కొలబద్ద పెట్టి దూరాలు లెక్కించరాదు.

చుక్కల పటములు

2011 జనగణన ప్రకారం కర్నూలు జిల్లా జనాభా 40,53,463, కడప జిల్లా జనాభా 28,82,469 (2022 పునర్విభజనకు ముందున్న సరిహద్దులతో). వెయ్యిమందికి ఒక చుక్క చొప్పున కర్నూలు జిల్లాకే 4,053 చుక్కలు కావాలి. పట్టణాల వద్ద అవి నల్లని మరకలవుతాయి. పదివేలమందికి ఒకటి చొప్పున 405 సరిపోతాయి, పటము తేటగా ఉంటుంది. కాని నల్లమలలోని చెంచు గూడేలకు ఒక్క చుక్క కూడా దక్కదు. పటము చూసిన విద్యార్థి అడవిలో మనుషులే లేరనుకుంటాడు!

సగటులు

వర్షపాతమును జిల్లా సగటుగా ఒకే రంగుతో చూపుట అన్నిటికంటె సులభము, అన్నిటికంటె ప్రమాదకరము. పాత కర్నూలు జిల్లాలో పడమటి ఆలూరు, పత్తికొండ ప్రాంతాలకంటె నంద్యాల వైపు వానలు ఎక్కువ. సగటులో ఈ తేడా కలిసిపోతుంది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము కరువును ప్రకటించేది మండలము ప్రాతిపదికన గనుక కరువు పటములో మండలముకంటె పెద్ద విభాగమును వాడరాదు.

కంప్యూటరు పటములలో దగ్గరి గుర్తులను ఒకే వృత్తముగా కలిపి, లోపల సంఖ్య చూపుతారు. పటమును పెద్దది చేసిన కొద్దీ అవి విడిపోతాయి. ముద్రిత పటమునకు ఈ వెసులుబాటు లేదు. ఒక చుక్క ఎంతమందికి సమానమో, ఏ పరిమాణము లోపలి వాటిని వదలివేశారో పటము అంచున తెలుపవలసి ఉంటుంది.